కత్తిపిడిలో పిస్తోలు

పాత పిస్తోలు ఏది కొన్నా, ముందు గొట్టంలోకి సన్నపుల్ల దూర్చి మందు కూరి ఉందేమో చూడటం పెద్దాయన అలవాటు. కానీ కత్తీ పిస్తోలూ ఒకటిగా చేసిన ఈ అపురూపం చేతికి అందేసరికి ఆయనకు ఒళ్ళు తెలియలేదు. భార్య సణుగుడు పడలేక గదికి లోపల గడియ పెట్టుకుని, మడతకత్తి విప్పి, అలుగు మీది లతల చెక్కడాన్ని తనివితీరా చూశాడు.

కత్తిని ఇంకాస్త వెనక్కి విప్పేసరికి పిడిలో టక్కుమంది. కత్తి విప్పితే పిస్తోలు పేల్చే సుత్తి కూడా లేస్తుందన్నమాట! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు పుల్ల దూర్చాడు. అది సగంలోనే ఆగింది. లోపల మందు ఉంది. అంతలో అరిగిన సుత్తి జారబోతే రెండు బొటనవేళ్ళతో అదిమి పట్టాడు. వదిలితే సుత్తి పడి మందు పేలి, తుప్పుగొట్టం చేతుల్లోనే పగులుతుంది.

"భోజనం చల్లారిపోతోంది, తలుపు తియ్యండి," అంది భార్య బయటినుంచి.

అరిస్తే వేళ్ళు కదులుతాయేమోనని మెల్లగా అన్నాడు. "చేతులు ఖాళీ లేవే!"

"కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళు. ఆ గదిలోంచి ఇంకో మాట విన్న పాపాన పోలేదు. ఖాళీ అయ్యాకే తినండి."

ఆమె చెప్పుల చప్పుడు వంటింటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆయన బొటనవేళ్ళు వణకసాగాయి.