నిలవని రెండు పేర్లు

సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు రత్నాబాయి కాళ్లకంటిన సిమెంటు కడుక్కుని, పోస్టులో వచ్చిన పాఠం విప్పింది. 1986 మార్చి. కామాఠీపురా పదకొండో గల్లీలో రెండో అంతస్తు గది. పదహారేళ్లు తట్ట మోసి ఆమె మెడ ఎముక అరిగింది. ఇక బరువెత్తొద్దని డాక్టరు చెప్పాడు. గ్రాంట్ రోడ్ దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ ట్రే సర్దే ఆయా కావాలి. అర్జీ పెట్టిన తొమ్మిది మందికీ అదే పాఠం పంపారు. శుక్రవారం పరీక్ష. పాసు కాకపోతే మళ్లీ తట్టే.

పాఠమంతా ఒకటే బొమ్మ. ట్రేలో ఇరవై రెండు పనిముట్లు, పక్కన అంకెలు. పేర్లు వెనక పేజీలో. అంకె చూసి, పేజీ తిప్పి, పేరు వెతికి, మళ్లీ తిప్పేసరికి పనిముట్టు ఏదో మరిచిపోయేది.

అత్త మల్లవ్వ బియ్యం ఏరుతోంది. ఆమెకు చదువు రాదు. కాగితం మీది మాటల్ని గోటితో తీసి వేరేచోట పెట్టడం మాత్రం వచ్చు. వరస గదుల ఆ చాల్‌లో పెళ్లిపత్రికలు తప్పు అచ్చయితే ఆమె దగ్గరికే తెస్తారు.

"ఏందే, గన్నిసార్లు తిప్పుతున్నవు? ఇసుర్రాయా అది?"

"బొమ్మ ఇటుంది అత్తా, పేర్లు అటున్నయ్."

"మనిషి ఈ గల్లీల, పేరు ఫోరస్ రోడ్ల ఉంటే పోస్టుమన్ గూడ పరేషాన్ అయితడు. ఇటు తే."

రత్నాబాయి చదువుతూ చోటు చూపించింది. మల్లవ్వ ఒక్కో పేరునూ ఏరి, గంజి చుక్కతో పనిముట్టు పక్కనే అంటించింది. ఇరవై నిలిచాయి. ఏడో అంకె దగ్గర పెట్టిన 'రక్తం ఆపే పటకారు' జారి పన్నెండు దగ్గరికి పోయింది. పన్నెండు దగ్గరి 'సూది పట్టే పటకారు' ఏడుకు వచ్చింది. మూడుసార్లు పెట్టినా అంతే.

"గంజి పలుచగైందేమో."

"గంజి మంచిగనే ఉన్నది. అవే ఆడ ఉండమంటున్నయ్."

"అచ్చుల అట్ల లేదు గదా అత్తా."

"అచ్చు కొట్టినోడు నీ తీర్గనే అలసిపోయిండేమో."

ఆ తర్వాత రెండు రోజులు రత్నాబాయి పేజీ తిప్పకుండానే చదివింది.

శుక్రవారం ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. పెద్ద నర్సు ట్రే ముందు నిలబడి, రక్తం ఆపే పటకారు ఇమ్మంది. రత్నాబాయి చెయ్యి గాలిలో ఆగింది. అచ్చు ప్రకారం ఒకటి, ఇంట్లో కాగితం ప్రకారం ఇంకొకటి. మెడ సలుపుతోంది. పేరు వెళ్లి నిలిచిన పనిముట్టునే తీసి అందించింది. నర్సు కాగితం మీద రాసుకుంది.

బయట మెట్ల మీద మిగతా ఎనిమిది మందీ ఏడోదే ఇచ్చామన్నారు. రత్నాబాయి తను పన్నెండోది ఇచ్చానంది.

"నీది పోయింది పో బాయీ," అంది వాళ్లలో ఒకతె, తారాబాయి.

రత్నాబాయి మర్నాడు తట్ట మోయడానికే వెళ్లింది.

ఎనిమిది రోజుల తర్వాత నర్సింగ్ హోమ్ నుంచి సవరణ కార్డు వచ్చింది. పాఠంలోని బొమ్మలో 7, 12 అంకెలు తారుమారయ్యాయట. కార్డు మల్లవ్వ అందుకుంది. అప్పటికి రత్నాబాయి అక్కడ డ్యూటీలో చేరి మూడు రోజులైంది.