గుమాస్తా అడగబోయిన మాట

మధ్యాహ్నం అన్నాలయ్యాక సౌభాగ్యమ్మ టీవీ ముందు పడక్కుర్చీ వాల్చుకుని పాత సీరియల్స్ పెట్టుకునేది. జగ్గయ్యపేటలో నర్సుగా చేసి రిటైరైంది. చూసినదానిమీద అభిప్రాయం చెప్పకుండా ఊరుకునే మనిషి కాదు.

"అప్పటి సీరియల్స్‌లో ఆడవాళ్లు కూరలు తరిగేవాళ్లు, జ్వరమొస్తే పడుకునేవాళ్లు. ఇప్పటివాళ్లు పట్టుచీరల్లోనే నిద్రపోతున్నారు," అనేది పక్కింటి పరిమళతో.

నచ్చని సంగతులు మాత్రం నేరుగా టీవీకే చెప్పేది. "ఏడ్చింది చాల్లేవే, లేచి అన్నం తిను," అంటే తెరమీద కోడలు కళ్లు తుడుచుకుని కంచం ముందు కూచునేది. అదే ఎపిసోడ్ పరిమళ ఇంట్లో పెడితే ఆ పిల్ల ఏడుస్తూనే ఉండేది. అందుకని మనసు బాగాలేనప్పుడు వీధిలోవాళ్లు సీరియల్ చూడ్డానికి సౌభాగ్యమ్మ ఇంటికే వచ్చేవాళ్లు.

ఆమె మేనల్లుడు మోజెస్ కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాడు, బీఈడీ చేశాడు. మాట్లాడబోతే మాత్రం మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుపోయేవాడు. నందిగామలో ఒక స్కూలువాళ్లు సోమవారం డెమో క్లాసుకి రమ్మన్నారు.

"నే... నేను వెళ్లనత్తా. పి... పి..."

"పిల్లలు నవ్వుతారంటావు, అంతేగా?" అని అత్తే ముగించింది. వాడికి శ్రమ తగ్గిద్దామనే ఎప్పుడూ అలా అందించేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక టీవీలో ఒక పాత హాస్య సినిమా వచ్చింది. అందులో ఒక నత్తి గుమాస్తా. నోరు తెరిస్తే చాలు, యజమాని వెక్కిరిస్తాడు, పక్కవాళ్లు నెత్తిన మొడతారు. చిన్నప్పుడు స్కూల్లో మోజెస్‌ని అందరూ "గుమాస్తా" అనే పిలిచేవాళ్లు. అతను లేచి గుమ్మం దాకా వెళ్లాడు.

సౌభాగ్యమ్మకి ఒళ్లు మండింది. "చెయ్యి దించండ్రా! ఇదేం హాస్యం? ఆయన్ని చెప్పనివ్వండి!"

యజమాని లేపిన చెయ్యి దించాడు. ఒకడు కుర్చీ జరిపాడు. గుమాస్తా కూచుని మొదలుపెట్టాడు. మొదటి అక్షరానికే చాలాసేపు పట్టింది. ఎవరూ నవ్వలేదు.

"మా... మా పాప పు... పుట్టినరోజండి. ఇవాళ పె... పెందలాడే వెళ్తానండి."

ఇన్నేళ్లుగా అతను అడగబోయింది అదే.

"వెళ్లిరావయ్యా! ముందే చెప్పొద్దూ?" అన్నాడు యజమాని. గుమాస్తా గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి సీన్లలో ఎక్కడా కనిపించలేదు.

"ఇంటికెళ్లుంటాడు," అంది సినిమా చూడ్డానికొచ్చిన పరిమళ సంతోషంగా.

"అ... అత్తా," అన్నాడు మోజెస్ గుమ్మంలోంచి. సౌభాగ్యమ్మ నోటిదాకా వచ్చిన మాటని మింగేసి అతనివైపు చూసింది. "రే... రేపు నందిగామ వెళ్తా."

మర్నాడు క్లాసులో "భిన్నం" అనబోయి ఆగిపోయాడు. వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. మోజెస్ సుద్దముక్క బల్లమీద పెట్టి, "నే... నేను చెప్పేదాకా కా... కాస్త ఆగండి," అన్నాడు. పిల్లలు ఆగారు. మాట వచ్చింది. దాని వెనకే పాఠమంతా వచ్చింది.

"రేపటి నుంచే వచ్చేయండి మాస్టారూ," అంది హెడ్‌మిస్ట్రెస్ కృపాజ్యోతి.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన తనే చేస్తానన్నాడు మోజెస్. ఉద్యోగం కోసం, అత్త కోసం, ఆగిన పిల్లల కోసం, పేరు తెలియని ఆ గుమాస్తా కోసం, వాళ్ల పాప కోసం దేవుడికి ఒక్కొక్కటిగా స్తోత్రం చెప్పాడు. పొయ్యిమీద చారు మరిగి మరిగి సగమైంది. సౌభాగ్యమ్మ కళ్లు మూసుకుని, ఒక్క మాటా అందించకుండా, అతను ఆమేన్ అనేదాకా కూచుంది.