నీకేందే, దినాం ప్లే డేనే

"నీకేందే, దినాం ప్లే డేనే."

మా ఆయన ప్రేమ్‌చంద్ ఈ మాట అన్నప్పుడు నేను ఫ్రిజ్ ముందు కూర్చుని, పై అరలో గడ్డకట్టిన మంచును చెక్క గరిటెతో గోకుతున్నాను. మాది పాత సింగిల్ డోర్ ఫ్రిజ్. కొన్నాళ్లు పట్టించుకోకపోతే మంచు పెరిగి తలుపు పడదు. గోకిందంతా కరిగి వంటింట్లో పారుతుంది. పాత చీర ముక్క పరచాలి, పిండాలి, మళ్లీ పరచాలి. అది ఆదివారం, ఆయనకు సెలవు. కుర్చీలోంచి కాలు కదపకుండా "కాయిల్‌కు తగలనియ్యకు, గ్యాస్ పోతది" అని సలహా ఇచ్చాడు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఈ ఒక్క పనన్నా నువ్వు చేయరాదా అన్నాను. దానికొచ్చిన జవాబు అది.

మా మందమర్రిలో గని పనివాళ్లు వారపు సెలవును ప్లే డే అంటారు. ఆ రోజు డ్యూటీకి పిలిస్తే డబల్ జీతం, అదీ మనిషి ఒప్పుకుని వస్తేనే. మా ఆయన కష్టం నాకు తెలియనిది కాదు. గని దిగి ఎక్కి వచ్చేసరికి ఆయన కళ్ల చుట్టూ బొగ్గు కాటుక పెట్టినట్టుంటుంది. ఆ బట్టలు ఉతికేది నేనే, నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? కానీ ఆయన షిఫ్టు మారినప్పుడల్లా నా నిద్ర మారుతుంది, నా తిండి మారుతుంది. ఫస్ట్ షిఫ్టుకు నాలుగింటికే లేచి క్యారియర్ కట్టాలి. సెకండ్ షిఫ్టయితే అర్ధరాత్రి లేచి అన్నం వేడి చేయాలి. ఆయన ప్లే డే వచ్చిందంటే నాకు అసలు డ్యూటీ ఆ రోజే. చర్చికి పోయేలోపు మసాలా నూరి, కోడికూర పొయ్యి మీద పెట్టి, మధ్యలోనే చీర కట్టుకుని పరుగెత్తాలి. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నాకు కుక్కర్ కనబడేది. దేవుడు కూడా ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడని పాస్టర్ గారు చెబుతుంటే, దేవుడింటికి ఆ రోజు చుట్టాలు రాలేదు కాబోలు అనుకునేదాన్ని. ఖాళీ ఉన్నప్పుడు మా కాలనీలో ఖుద్సియా నడిపే బట్టల దుకాణానికి చీరల ఫాల్స్ కుడతాను. దాన్ని మా ఆయన టైంపాస్ అంటాడు. చుట్టాలకు నన్ను పరిచయం చేయాల్సి వస్తే "మా ఇంటామె ఎలీసబెతు, ఏం జేయదు, ఇంట్లనే ఉంటది" అంటాడు. మనసులో చెడు పెట్టుకుని అనడు, అదే నాకు ఇంకా మండేది.

బరువు తగ్గాలి, నడువు అని డాక్టరమ్మ చెప్పడం నా అదృష్టం. నడకే మందు అనేసరికి ఇంట్లో ఎవరూ కాదనలేదు. అలా పొద్దున్నే కాలనీ గ్రౌండ్‌లో నాకు నడకకు ఇద్దరు తోడు దొరికారు. ఒకరు ఖుద్సియా, ఒకరు బడిలో ఆటల టీచరు మంజుల మేడం. ఖుద్సియా నోరు పెద్దది, మేడం అడుగు పెద్దది. వాళ్ల వెనక నేను రొప్పుకుంటూ వెళ్లేదాన్ని. ఒకరోజు మేడం ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. హిమాలయాల్లో ఒక గ్లేసియర్. మంచే నదిలా కొండల మధ్య పడుకుని ఉంటుందట. వీపున సంచి వేసుకుని నాలుగు రోజులు నడిస్తే అక్కడికి చేరొచ్చట, మన వయసు వాళ్లు కూడా పోతారట. ఎండలు ముదిరాక పోదామా అంది. ఖుద్సియా అప్పటికప్పుడే సరే అంది. నేను ఇంట్లో అడిగి చెప్తానన్నాను. ఇంటికి పోయే దారంతా ఆ 'అడిగి' అనే మాట మీదే నాకు కోపం వచ్చింది.

ఇంట్లో మొదట నవ్వారు. మా ఆయన, మేడ మీద బట్టలారేసి వస్తేనే ఆయాసపడతావు, నువ్వు హిమాలయాలు ఎక్కుతావా అన్నాడు. అత్తమ్మకు గ్లేసియర్ అనే మాట నోరు తిరగక 'గిలాసు' అయింది. వాడకట్టంతా తిరిగి మా కోడలు గిలాసు చూడబోతుందట అని చెప్పింది. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా బుద్ధి కూడా చెప్పింది.

"మంచు జూడాల్నంటే ఫ్రిజ్జు తెరువు బిడ్డా. గంత దూరమెందుకు?"

నిజంగానే ఆ మాటతో నా మనసు గట్టిపడింది. నేను ఇన్నేళ్లుగా చూసిన మంచంతా గోకాల్సిన మంచే. కరీంనగర్‌లో నర్సింగ్ చదివే మా బిడ్డ ఆరాధనకు ఫోన్ చేస్తే, పో మమ్మీ అని ఒక్క మాట అని బూట్లు కొని పంపింది. ఫాల్స్ కుట్టిన డబ్బులతో టికెట్ తీశాను. ఇది నా టైంపాస్ పైసలే అని మా ఆయనతో చెప్పాను. పోయే ముందు పచ్చళ్లు, పొడులు, డబ్బాలు డబ్బాలుగా కూరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. సెలవు పెట్టడానికి ముందే ఆ సెలవు రోజుల పనంతా చేసిపోయేది ఇంటి ఆడదొక్కతే.

రైళ్లు, బస్సులు, జీపు అన్నీ అయ్యాక నడక మొదలైంది. నా సంచి నా వీపు మీద. సంచిలో ఉన్నదంతా నాదే, ఇంకొకరి టిఫిన్ గాని, ఇంకొకరి మందులు గాని లేవు. మొదటి రోజు సాయంత్రం ఒక రేకుల బసలో ఆగాం. వంటాయన అందరికీ చాయ్ ఇచ్చాడు. నేను నాది తాగేసి, లేచి అందరి గ్లాసులూ ఏరుకుని కుళాయి దగ్గరికి నడిచాను. ఎవరూ చెప్పలేదు, కాళ్లే తీసుకుపోయాయి. ఖుద్సియా వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"గా గ్లాసులు కింద పెట్టక్కా. కడిగెటందుకు మనిషున్నడు. ఆయన గీ పనికి జీతం తీస్కుంటుండు."

గ్లాసులు కడిగితే జీతమిస్తారా అని నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది. ఆ వంటాయన ఏమైందోనని పరేషానై, వేడి వేడి రొట్టె ఒకటి పళ్లెంలో వేసి నా చేతికిచ్చాడు. అందరికంటే ముందు నాకే ఇచ్చాడు. మిగతావాళ్లు రానీ అని నేను పళ్లెం పట్టుకుని నిలబడే ఉన్నాను. తిను ఎలీసబెతు, ఆరిపోతుంది అంది మంజుల మేడం. నేను తిన్నాను. పెండ్లయ్యాక నా పళ్లెంలో పొయ్యి మీది నుంచి నేరుగా పడిన రొట్టె అదే మొదటిది.

మర్నాడు దారిలో ఆఖరి ఊరు వచ్చింది. ఇక పైన సిగ్నల్ ఉండదట. ఆ ఊరి దుకాణం అరుగు మీద, ఒక మూల నిలబడితేనే ఫోన్ పలుకుతుంది. అక్కడ నిలబడగానే మా ఆయన ఫోన్ మోగింది. ఆదివారం తన చెల్లెలు వాళ్లు ఆదిలాబాద్ నుంచి అందరూ వస్తున్నారట. అమ్మకు చేతకావడం లేదట. రైళ్ల టైములు కూడా చూసి పెట్టాడు. ఇప్పుడే దిగి బయలుదేరితే ఐతారం పొద్దునకల్లా ఇంటికి చేరుకుంటావన్నాడు. అత్తమ్మకు ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగానే ఉంది, కానీ గంత మందికి ఎవరు వండుతారు అన్నాడు.

సిగ్గు లేకుండా చెప్తున్నాను, నా కాళ్లు కిందికే తిరిగాయి. ఆడబిడ్డ ముఖం, అలిగిన అత్తమ్మ, ఉల్లిగడ్డలు ఎక్కడున్నాయో తెలియని మా ఆయన, అందరూ కళ్ల ముందు వరుసగా నిలబడ్డారు. రేపు ఎవరేమంటారోనన్న భయం, ఆ భయానికి లొంగిపోతున్నందుకు నా మీద నాకే అసహ్యం. మేడం, ఖుద్సియా దూరంగా జరిగి బూట్ల లేసులు కట్టుకుంటున్నట్టు నటిస్తున్నారు. నేను దిగుతానంటే వాళ్లు ఒక్క మాట అనరు. వాళ్లు అనకపోయినా, ఇక్కడి నుంచి దిగిపోతే ఇంకెప్పుడూ ఎక్కలేనని నాకు తెలుసు. ఫోన్‌లో ఆయన మళ్లీ అన్నాడు.

"జర వాపస్ రారాదు? నీకేం డ్యూటీ ఉన్నదా, ఏమన్ననా?"

"డ్యూటీ లేదు. ఇయ్యాల నాకు ప్లే డే. ప్లే డే నాడు డ్యూటీకి పిలిస్తే డబల్ ఇయ్యాలె. అది గూడ నాకు ఇష్టమైతెనే వస్త."

అవతల ఆయన కుర్చీ జరిపి లేచిన చప్పుడైంది.

"గివన్ని ఎవరు నేర్పిండ్లే నీకు?"

"నువ్వే నేర్పినవ్."

ఫోన్ నేనే పెట్టేశాను. ఖుద్సియా పరుగెత్తుకొచ్చి నన్ను గట్టిగా పట్టుకుని ఊపేసింది. దుకాణపాయన మాకు ఏదో మంచి కబురు వచ్చిందనుకుని బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టాడు. మంచి కబురే మరి.

ఆ తర్వాత రెండు రోజులు ఎక్కడమే. నేను అందరికంటే వెనక. అయినా మా గైడు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు, ఎవరి ఊపిరి వాళ్లది అనేవాడు. మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. పైకి పోయేకొద్దీ చెట్లు పోయాయి, గడ్డి పోయింది. చివరి మలుపు తిరిగాక గైడు చేయి చాపి, ఇదే గ్లేసియర్ అన్నాడు. ఎదురుగా ఉన్నది నల్లటి మట్టి, గులకరాళ్లు, బూడిదరంగు దిబ్బ. అచ్చం మా ఓపెన్ కాస్ట్ గని దగ్గర బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి గుట్టే.

"గిదేంది మేడం? మందమర్రి గుట్ట జూడనీకి గింత దూరం వచ్చినమా?" అన్నాను.

మేడం పడీ పడీ నవ్వింది. గైడుకు అర్థం కాక ఖుద్సియాను అడిగాడు. ఆమె తన దక్కనీ ఉర్దూలో చెప్పింది. ఆయన కూడా నవ్వి, నన్ను అంచు దగ్గరికి తీసుకుపోయి, చేతికర్ర ఇచ్చి, గోకమన్నట్టు సైగ చేశాడు. గోకడం నాకు కొత్తగా నేర్పాలా? రాళ్లు పక్కకు జరిపి, కర్ర మొనతో గట్టిగా గీరాను. నలుపు కింద మంచు, దాని లోపల నీలం. అలాంటి నీలాన్ని నేను ఏ చీరలోనూ చూడలేదు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని అరచేయి ఆనించాను. కింద ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినబడింది. నా చున్నీ కొంగు తడిసింది. వెంటనే చేయి పాత బట్ట కోసం వెతికింది, అలవాటు. అప్పుడు తట్టింది. ఇంత మంచు కరుగుతోంది, ఇన్ని నీళ్లు కారుతున్నాయి, ఒక్క చుక్క కూడా నేను తుడవక్కర్లేదు.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. ఏ మాటా కాదు, అరుపు మాత్రమే. కొండలు దాన్ని తిరిగి నాకు పంపాయి. ఖుద్సియా అరిచింది, మేడం ఈల వేసింది. పిల్లలను గ్రౌండ్‌లో వరుసలో నిలబెట్టే ఆ ఈల వినగానే నేను లేచి నిలబడ్డాను, ముగ్గురం నవ్వుకుంటూ ఆ నల్ల గుట్ట మీదే కూలబడ్డాం.

మందమర్రికి తిరిగి వచ్చేసరికి ఇంకో ఆదివారం. ఆడబిడ్డ వాళ్లు వచ్చారట, బయటి బిర్యానీ తెప్పించుకున్నారట, తిన్నారట, పోయారట. అంతే, కొంపలేం మునగలేదు. అత్తమ్మ నా ముఖం ఎండకు నల్లబడిందని కాసేపు బాధపడి, ఆ తర్వాత గిలాసు ఎట్లున్నదని అడిగి, దగ్గర కూర్చుని ఫోటోలన్నీ చూసింది. నీలం రంగు ఫోటో దగ్గర వేలు ఆపి, నేనూ ఎన్నడూ యాడికి పోలే బిడ్డా అంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

మా ఆయన వంటింట్లోంచి పిలిచాడు. వెళ్లి చూస్తే ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉంది. పై అర నిండా మంచు, తలుపు పడటం లేదు. నువ్వొచ్చి చేస్తావని ఉంచాను అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నాతో ఎలా మాట్లాడాలో కొత్తగా వెతుక్కుంటున్నట్టు అన్నాడు. బయట మేడం, ఖుద్సియా గేటు దగ్గర నిలబడి నా పేరు పిలుస్తున్నారు. నేను చెక్క గరిటె తీసి ఆయన చేతిలో పెట్టాను. గడప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకున్నాను.

"కాయిల్‌కు తగలనియ్యకు," అన్నాను. "కింద బట్ట పరుసుకో. నీళ్లు కారుతయి."