ఆదివారం నడిచిన కుట్టుమిషను

నేను ఒక కుట్టుమిషన్ని. పుట్టింది జర్మనీ ఫ్యాక్టరీలో. కాపురం మాత్రం హాలండులోని ఓ చిన్న ఊళ్ళో, యాకోమీనా అనే వితంతువు ముందుగదిలో. నన్ను చేసిన దేశమే సైన్యాన్ని తోలి ఆ దేశాన్ని ఆక్రమించింది. నా ఒంటి మీది జర్మన్ పేరు చూసుకుని సిగ్గుపడ్డాను.

1942 చలికాలంలో యాకోమీనా, మైయర్ అనే యూదు దర్జీని ఇంట్లో దాచింది. దొరికితే అతనికి చావు, ఆమెకు జైలు. ఎన్నో జాగ్రత్తలు చెప్పింది: దగ్గకూడదు, కిటికీ దగ్గరికి రాకూడదు, మిషను తొక్కినా ఫర్వాలేదు, తనే కుడుతోందని ఊరనుకుంటుంది. ఒక్కటి చెప్పలేదు. ఆ ఊళ్ళో ఆదివారం దేవుడి రోజని ఎవరూ సూది పట్టరు. చెట్టు నుంచి రాలిన పండును కూడా సోమవారమే ఏరుకుంటారు. అదీ చెప్పాల్సిన సంగతేనని ఆ భక్తురాలికి తట్టలేదు.

మైయర్ తనవాళ్ళ ఆచారం ప్రకారం శనివారం నన్ను ముట్టుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం, ఆమె చర్చి నుంచి వచ్చి కునుకు తీస్తుంటే, నిన్నటి పని కూడా తీర్చేద్దామని నన్ను జోరుగా తొక్కాడు, పాపం. వీధంతా నా చప్పుడే. చర్చి సంఘపెద్ద కొర్నేలిస్ వచ్చి తలుపు కొట్టాడు.

మైయర్ నేలపలకల కిందికి దూరాడు. యాకోమీనా ఒక్క అంగలో వచ్చి నా ముందు కూర్చుని, ఆయన్ని లోపలికి రమ్మంది. పుట్టి బుద్ధెరిగాక ఆడని అబద్ధం ఆడింది. కుట్టింది తనేనట.

పై ఆదివారం నిండు సంఘంలో ఆమె పేరు చదివి, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టారు. ఆమె వెనకబెంచీకి మారింది. జనం పలకరింపులు మానేసి, బట్టలు మాత్రం గుమ్మంలో పడేసి పోయేవారు. పాపి కుట్టినా కోటు వెచ్చగానే ఉంటుంది కదా! ఎవరూ గడప తొక్కకపోవడంతో మైయర్ రెండున్నరేళ్ళు క్షేమంగా ఉన్నాడు.

యుద్ధం ముగిశాక అతను వీధిలోకి వచ్చాడు. అప్పుడుగానీ ఊరికి తెలియలేదు. కొర్నేలిస్ టోపీ చేతబట్టుకుని వచ్చాడు. అయినా నియమం నియమమేనట. సంఘం ముందు పశ్చాత్తాపపడుతున్నానని ఒక్క మాట అంటే, బల్లకు చేర్చుకుంటామన్నాడు.

ఆ రొట్టెముక్క కోసం ఆమె ఎంత అలమటించిందో నాకు తెలుసు.

"చేసినందుకు నాకు బాధ లేదయ్యా. ఉందని చెబితే, మళ్ళీ అబద్ధమాడినట్టే" అంది.

చనిపోయేదాకా ఆమెకు ఆ రొట్టె దక్కలేదు. ఇప్పుడు నేనున్న మ్యూజియంలో, నా పక్కనున్న చీటీ మీద ఆ సంగతి రాయలేదు. అందుకే నేను చెబుతున్నాను.