నాలుగు ఫోన్లాయన అక్క

"గుమాస్తాని అడుగున పడేయకు. రోజూ వాడే నలిగిపోతున్నాడు," అంది అక్క, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

అతను సంచిలో చెయ్యి పెట్టి, ఖాకీ తొడుగున్న ఫోను వెతికి అన్నిటికంటే పైన పెట్టాడు. ఆ సంచిలో నాలుగు ఫోన్లుంటాయి. నాలుగూ ఒకే రకం, ఒకేసారి కొన్నవి. లోపలి సిమ్ములు మాత్రం నాలుగు వేరు వేరు కంపెనీలవి. కిక్కిరిసిన బస్సులో నిలబడి తడుముకున్నా ఏది ఏదో వేళ్లకే తెలిసిపోవాలని అక్క వాటికి నాలుగు రకాల గుడ్డతో తొడుగులు కుట్టింది. ఒకటి ఖాకీ, ఒకటి గోనె, ఒకటి అతుకుల గుడ్డ, ఒకటి ఎవరిదో జాకెట్టు కుట్టగా మిగిలిన జరీ ముక్క.

ఊరంతా తిరిగి ఏ మూల ఏ కంపెనీ సిగ్నల్ ఎలా ఉందో చూసి చెప్పడం అతని ఉద్యోగం. జీతమిచ్చేది ఆ నాలుగు కంపెనీల్లో ఏదీ కాదు, నాలుగిటినీ పోల్చి లెక్క తేల్చే ఒక చిన్న ఆఫీసు. "మాదే నంబర్ వన్" అంటూ కంపెనీలన్నీ టీవీలో గొంతు చించుకుంటాయి కదా, అందులో నిజమెంతో కాళ్లతో నడిచి తేల్చేవాళ్లు కొందరుంటారు. అతను వాళ్లలో ఒకడు. మార్కెట్ కింది గోదాములు, ఆస్పత్రి మెట్లు, లిఫ్టులు, వంతెనల నీడలు, ఇవే అతని ఆఫీసు గదులు. గొప్పగా చెప్పుకునే పనేం కాదు, చెప్పులు అరిగే పని. కండక్టర్లూ వాచ్‌మన్లూ అతన్ని "నాలుగు ఫోన్లాయన" అంటారు. అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇంటర్నెట్ వేగం సంగతి ఫోనే చూసుకుంటుంది. మాట ఎలా వినబడుతోందో చెప్పడానికి మాత్రం అవతల ఒక చెవి ఉండాలి. మొదట్లో ఆఫీసులో ఒకమ్మాయి వినేది. ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని మానేస్తే, తాత్కాలికంగా అంటూ అతను ఇంటి నంబరు ఇచ్చాడు. ఆ తాత్కాలికం అలాగే పాతుకుపోయింది. ఆఫీసువాళ్లు తర్వాత వినడానికీ ఒక యంత్రం తెచ్చారు గానీ, అక్క చెవి ముందు అది నిన్న మొన్న పుట్టిన పిల్ల. రోజుకు మూడు చోట్ల నుంచి, ఒక్కోచోట నాలుగు ఫోన్లతోనూ అక్కకు ఫోన్ చెయ్యడం అతను మానలేదు.

నాలుగు కంపెనీలకూ పేర్లు పెట్టింది అక్కే. ఒకడు ప్రతి మాటా చివర మింగేస్తాడు, వాడు పిసినారి. ఒకడి గొంతు అద్దంలా ఉంటుంది గానీ పిలిస్తే ఒక పట్టాన రాడు, నలుగురున్న చోట అసలు కనబడడు, వాడు పెళ్లికొడుకు. నేలమాళిగలోంచైనా గరగరమంటూ అరిచి మరీ వినిపించేది గయ్యాళి. ఇక గుమాస్తా. గొంతులో కళాకాంతీ ఏమీ ఉండదు, కాస్త ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. కానీ ఎప్పుడు పిలిచినా, ఎక్కణ్నుంచి పిలిచినా, ఉన్నానండీ అంటాడు.

అందరికీ ఒకే పరీక్ష ఉండాలి గనక అందరి నోటా ఒకే వాక్యం పలకాలి. "వినియోగదారుడే మా దేవుడు" అన్నది ఆఫీసు ఇచ్చిన వాక్యం. అది వినగానే అక్క మొహం చిట్లించింది. "ఇది మనుషులు మాట్లాడుకునే మాటేనా? నెట్‌వర్కు చెడితే ముందు పోయేవి స, చ, ష. ఇందులో ఒక్కటీ లేదే!" అని తనే ఒకటి అల్లి ఇచ్చింది: సందు చివరి షాపులో చవక చెప్పులు చూసి, సిగ్గుపడి, ఛత్రీ చాటున నడిచాడు. నలుగురిలో నిలబడి, నాలుగు ఫోన్లలో నాలుగుసార్లు ఆ మాటే చెప్పే మధ్యవయసు మనిషిని చూసి జనం ఏమనుకుంటారో అతనికి తెలుసు. అలవాటైపోయింది.

సాయంత్రం మూడో విడత ఫోన్లు కాగానే అక్క తీర్పు చెప్పేది. కిటికీలో మొదట నాలుగు గాజుగ్లాసులు పెట్టుకుంది. ఆ రోజు గెలిచినవాడి గ్లాసులో ఒక గుండీ టంగుమని పడుతుంది. గుమాస్తా గ్లాసు ఎప్పుడో నిండి పొంగిపోతే దాని బదులు ఒక ఖాళీ పచ్చడి సీసా పెట్టింది. పెళ్లికొడుకు గ్లాసు అడుగు ఇంకా కనబడుతూనే ఉంటుంది. ఏ గుండీ వెయ్యాలో అక్క పొద్దున్నే గుండీల డబ్బా కుమ్మరించి ఎంచుకునేది.

"ఇవాళ్టి బహుమానం ఇదిరా," అంటూ నీలం రంగుది, కోటుకు కుట్టేంత పెద్ద గుండీ చూపించి కత్తెర పక్కన పెట్టింది. "గట్టిగా పోటీ పడమని చెప్పు వాళ్లకి."

వాళ్ల వాటా మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. అక్కకు చిన్నప్పటి నుంచీ ఎడమ కాలిలో సత్తువ లేదు. ఒక్క కుడికాలితోనే మిషను తొక్కి, వీధి వీధంతటికీ బట్టలు కుట్టి, అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ని డిప్లొమా చదివించింది. తను మాత్రం మెట్లు దిగడం తగ్గించి తగ్గించి, చివరికి మానేసింది. అలాగని ఊరు తెలియని మనిషి అంటే ఒప్పుకోవడానికి వీల్లేదు. తమ్ముడు ఏ మూల నిలబడ్డాడో వెనక వినబడే చప్పుడుతో పోల్చేసేది. తోపుడుబండి చక్రం, లిఫ్టు తలుపు, బడి గంట, అన్నీ ఆ చెవిలోంచే ఇంట్లోకి వచ్చేవి. ఆ మాటకొస్తే ఊళ్లో తిరిగేవాళ్లలో ఇంత ఊరు విన్నవాళ్లు ఎవరూ లేరు.

ఈ మధ్య అక్క గుండె బలహీనంగా ఉందన్నాడు డాక్టరు. "ఫోన్ ఎప్పుడూ చేతికందేలా పెట్టుకోండి. ఏ కొంచెం తేడాగా ఉన్నా వెంటనే చెయ్యాలి," అన్నాడు. డాక్టరు మామూలుగానే అన్నాడు గానీ అతనికి ఆ రోజు నుంచి నిద్ర కరువైంది. ఊరందరికీ ఏ ఫోను మంచిదో, ఏ కంపెనీ మంచిదో చెప్పే మనిషి, ఇంట్లో ఒక్క మనిషికి ఒక్క ఫోను ఎంచలేక నానా హైరానా పడ్డాడు. తప్పు ఎంచితే దిద్దుకునే వీలుండదు కదా.

తెలిసిన షాపాయన్ని బతిమాలి ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి వాడి చూడమన్నాడు. మొదటిది అద్దంలాంటి ఖరీదైన ఫోను, ఫొటోల్లో దానికి తిరుగులేదు. మిషను తొక్కగానే ఆ అదురుకు అంగుళం అంగుళం జారుకుంటూ పోయి దబ్బున నేలమీద పడింది. రెండోది అక్క బొటనవేలు ఆనించినప్పుడల్లా తెలియదు పొమ్మంది. ఏళ్ల తరబడి సూది పోట్లు తిన్న వేలికి గీతలు ఎక్కడ మిగిలాయి? "నేనెవరో దీనికి చెప్పుకోలేక చస్తున్నానురా," అని అక్క దాన్ని తిప్పి పంపేసింది. మూడోది కాస్త లావుపాటిది, చూడ్డానికి మొద్దులా ఉంటుంది. వీపు గరుకుగా ఉండి మిషను ఎంత అదిరినా కదల్లేదు. రింగు మిషను చప్పుణ్ని మించి మోగింది. చార్జింగు మర్నాటికి కూడా మిగిలింది. "ఇది గుమాస్తా వాళ్ల చుట్టంలా ఉంది. ఉంచెయ్," అంది అక్క.

అందులో గుమాస్తా సిమ్ము ఒకటి, అతనికి నమ్మకం చాలక గయ్యాళి సిమ్ము ఒకటి వేశాడు. పక్కనున్న మీట గబగబా నొక్కితే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేకుండా అతని సొంత ఫోను మోగుతుంది. రోజూ బయల్దేరే ముందు ఒకసారి నొక్కి చూడాలని రూలు పెట్టాడు.

అక్క నొక్కింది. అతని చొక్కా జేబు మోగింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"బావుంది. ఇక చావాలన్నా నీ పర్మిషన్ తీసుకోవాలన్నమాట."

"పొద్దున్నే ఏం మాటలక్కా అవి! ఏమాత్రం నలతగా ఉన్నా నొక్కెయ్. వీడు పనిలో ఉన్నాడేమోలే అనుకోకు."

"సరేలేరా వెర్రివాడా. నొక్కలేదంటే నేను బావున్నట్టు లెక్క. ఇంక వెళ్లు, బస్సు పోతుంది."

మొదటి విడత మార్కెట్ కింది గోదాములో. బల్బు వెలుతురు, తడి గోనెసంచుల వాసన. అతను నాలుగు ఫోన్లూ వరసగా తీసి, చెప్పులూ ఛత్రీ వాక్యం నాలుగుసార్లు అప్పజెప్పాడు. పెళ్లికొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. పిసినారి ఛత్రీ దాకా వచ్చి నడక మింగేశాడు.

"గయ్యాళి బానే అరిచింది," అంది అక్క. "పైన ఐసు కొడుతున్నారు కదూ? ఆ చెమ్మలో ఎక్కువసేపు నిలబడకు."

నిజమే, పైన ఐసు కొడుతున్నారు. అతను నవ్వుకుంటూ మెట్లెక్కాడు.

రెండోది ఆస్పత్రి. వెనకవైపు మెట్ల మలుపులో ఒకావిడ ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పుతోంది, కళ్లనిండా నీళ్లు. లోపల ఆపరేషన్ ఎవరికో. ఆవిడ చేతిలోది పెళ్లికొడుకు సిమ్మని తెరమీది గుర్తు చూడగానే తెలిసింది. "ఈ కిటికీ దగ్గరికి రండమ్మా. ఇక్కడైతే పలుకుతుంది," అన్నాడు. అక్కడా పలక్కపోతే ఖాకీ తొడుగు విప్పి తన ఫోను ఇచ్చాడు. ఆవిడ మాట్లాడినంతసేపూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అలా ఇవ్వకూడదని ఆఫీసు రూలు. ఆ రూలు అక్కకు చెప్పినప్పుడు, "అయితే రాసినవాడు ఎప్పుడూ ఆస్పత్రి మెట్లమీద కూచోలేదన్నమాట," అని కొట్టిపారేసింది. అప్పటినుంచీ అతనూ లెక్కచెయ్యలేదు.

ఆ తర్వాత తన విడత మొదలుపెట్టాడు.

"ఇందాకట్నుంచి ఏం చేస్తున్నావు? ఆలస్యమైంది," అంది అక్క.

"ఒకావిడకి ఫోను ఇచ్చాను."

"గుమాస్తానేనా?"

"వాణ్నే."

"మంచిపని చేశావు. వాడికో మార్కు ఎక్కువ." ఆవలింత వినబడింది. "తిన్నావా? తిను ముందు. ఒక కాలరు కుట్టేసి నేను కాస్త కునుకు తీస్తాను. సాయంత్రం నాలుగూ చెయ్యి, ఒక్కటీ ఎగ్గొట్టకు. గుండీ వెయ్యాలి."

సాయంత్రం చివరి స్టాపులో దిగాడు. ఊరు అయిపోయి కొత్త ఇళ్లు లేస్తున్న చోటు. నాలుగు కంపెనీల టవర్లూ అక్కడే, పక్కపక్కనే, ఒకదాన్నొకటి చూడనట్టు నిలబడి ఉంటాయి. నలుగురికీ సిగ్నల్ నిండుగా ఉండే చోటు అదొక్కటే. అక్కడి నుంచి మాట్లాడితే పక్కగదిలో ఉన్నట్టుందిరా అంటుంది అక్క. అందుకే ఆఖరి విడత ఎప్పుడూ అక్కడే పెట్టుకుంటాడు.

ముందు అతుకుల తొడుగు విప్పాడు. రింగు పోయింది, పోయింది, ఆగిపోయింది. నిద్ర లేవలేదేమో అనుకున్నాడు. జరీ తొడుగు తీశాడు. ఎప్పుడూ తాత్సారం చేసే పెళ్లికొడుకు ఇవాళ వెంటనే కలిశాడు. చివరిదాకా మోగాడు. చెప్పులూ ఛత్రీ వాక్యం అతని నోట్లోనే ఉండిపోయింది. గయ్యాళి మోగింది. చివరికి గుమాస్తా.

మాట కలవకపోవడానికి ఉన్న కారణాలన్నీ అతనికి కంఠస్థం. టవర్ అందకపోవచ్చు. లైను కిక్కిరిసి ఉండొచ్చు. ఫోను ఆగిపోయి ఉండొచ్చు. ఇన్నేళ్లూ తిరిగి తిరిగి నేర్చుకున్నది అదే. వాటిలో ఒక్కటీ ఇప్పుడు అక్కరకు రాలేదు. సిగ్నల్ నిండుగా ఉంది. రింగు శుభ్రంగా పోతోంది. ఆ సాయంత్రం నాలుగు కంపెనీలకూ నూటికి నూరు మార్కులు.

జేబులోంచి సొంత ఫోను తీసి చూశాడు. పొద్దుటి పరీక్ష తప్ప ఏ కాలూ రాలేదు. నొక్కలేదంటే బావున్నట్టు లెక్క అంది కదా. ఆ మాటే పట్టుకుని బస్సెక్కాడు.

కింది వాటా ఆవిడ గుమ్మంలోనే ఎదురైంది. అన్ని రింగులు వినబడేసరికి అవసరానికని తన దగ్గర ఉంచిన తాళంచెవితో తలుపు తీసి, డాక్టర్ని పిలిపించిందట. అక్క కుర్చీలోనే ఉంది. కుట్టడం పూర్తయిన కాలరుని మడిచి మిషను మీద పెట్టుకుని, దానిమీద చెంప ఆనించి ఉంది. ఎప్పుడూ అలాగే కునుకు తీసేది. ఫోను చేతికి జానెడు దూరంలో ఉంది, కాస్తయినా జరగలేదు. తెరమీద అతని నాలుగు కాల్సూ ఉన్నాయి. రెండు సిమ్ములకూ సిగ్నల్ నిండుగా ఉంది. అది తన పని తాను చేసింది.

"ఎందుకు నొక్కలేదక్కా?" అన్నాడు పైకే. కోపం వచ్చింది. జన్మలో అక్క మీద అంత కోపం ఎన్నడూ రాలేదు.

"నొప్పి వస్తే నొక్కేది కదా బాబూ," అంది కింది వాటా ఆవిడ మెల్లగా. "నిద్రలోనే అయిపోయిందన్నారు డాక్టరు గారు. ఆవిడ మొహం చూడు ఒకసారి."

చూశాడు. నొప్పి పడ్డ మొహం కాదది. మంచి నెట్‌వర్కులో ఎవరి మాటో వింటున్నట్టు నెమ్మదిగా ఉంది. అతను సంచి కింద పెట్టి, నేలమీద కూలబడి, సత్తువ లేని ఆ ఎడమ పాదం ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎవరెవరో మెట్లెక్కి వస్తున్నారు. కిటికీలో మూడు గ్లాసులూ పచ్చడి సీసా వరసగా ఉన్నాయి. పొద్దున ఎంచి పెట్టిన పెద్ద నీలం గుండీ, ఎవరి వంతో తేలకుండా, కత్తెర పక్కన అలాగే ఉంది.