నిండిన కార్డు

పర్శరాములు పేరు చెబితే మందమర్రి కాలనీలో ఎవరైనా చేబదులిస్తారు. బ్యాంకు మాత్రం ఇవ్వనంది.

ఇరవై రెండేళ్లుగా బొగ్గుబాయి పని. ఒక్క కిస్తు తప్పలేదు. మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు బేరం కుదుర్చుకున్నాడు. దసరా లోపు లోను రాకపోతే ఇంటాయన వేరేవాళ్లకు అమ్మేస్తాడు.

"సిబిల్ స్కోరు తక్కువున్నదన్నా," అంది బ్యాంకులో మమతారాణి. ఆమెదీ ఈ పక్క చెన్నూరే కాబట్టి బ్యాంకు భాషలో కాక మనుషుల్లాగే మాట్లాడుతుంది.

"ఎవ్వలికన్న బాకీ ఉన్ననా అమ్మా? పైసతోని సహా కట్టిన."

"కట్టిండ్రు. గాని మీ క్రెడిట్ కార్డు లిమిటు యాభై వేలు. నెలనెలా నలభై ఏడు వేలు వాడుతున్నరు. గట్ల అంచుదాకా వాడెటోళ్ల చేతుల పైసల్లేవని లెక్కగడ్తరు."

పర్శరాములుకు నవ్వొచ్చింది. అందులో అతను తిన్నది ఒక్క రూపాయి లేదు. ఆ కార్డు కాలనీలో నిచ్చెనలాంటిది, అవసరమున్నవాళ్లు అడిగి పట్టుకుపోతారు. లస్మవ్వ కుట్టుమిషను, హనుమండ్లు ఫోను, పక్కింటి కొండల్ ఫ్రిజ్జు అన్నీ దాని మీదే. జీతం రోజున నోట్లు తెచ్చి చేతిలో పెడతారు, ఇతను బ్యాంకులో కడతాడు. ఇంతమందిని నమ్మినవాణ్ణి బ్యాంకు నమ్మదట!

"మరి ఎట్లమ్మా?"

"వాడుడన్న తగ్గియ్యాలె, లిమిటన్న పెంచుకోవాలె. లక్షన్నర చేస్తమని మెసేజ్ వచ్చింది గద?"

"వచ్చింది. ఉరితాడనుకొని ముట్టలే."

"లక్షన్నరల నలభై ఏడంటె మూడో వంతు గూడ గాదు. రెండు నెలలల్ల స్కోరు మెల్లగ లేస్తది. పెరిగింది గదా అని వాడిండ్రా, మళ్ల గిదే కత."

ఫోనులో ఆమె చూపించిన చోట నొక్కాడు. అప్పు పుట్టాలంటే ఇంకా అప్పు చేసే వీలు పెంచుకోవాలి, పెంచుకుని దాన్ని ముట్టకూడదు. ఏడో తరగతిలో బడి మానేసినందుకు తనకు ఎక్కడం లేదా, లేక చదువుకున్నవాళ్లే ఇలా రాసిపెట్టుకున్నారా అనుకుంటూ బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున డ్యూటీ దిగి చాయ్ తాగుతుంటే కొండల్ పక్కన కూర్చున్నాడు.

"అన్నా, జర కార్డియ్యరాదే. బిడ్డకు కాలేజిల లాప్‌టాప్ కావాల్నట. నలభై వేలు. నెలకింత కడ్త."

ఇస్తే పెరిగిన లిమిటులో కూడా వాడకం సగం దాటుతుంది. ఇల్లు పోతుంది.

"నిండిందిరా," అన్నాడు పర్శరాములు. కాలనీతో అతను ఆడిన మొదటి అబద్ధం అది.

కొండల్ నాలుగు తిట్టినా బాగుండేది. "అయ్యో, మా అందరి సామాన్లతోనే గదనే నిండింది," అన్నాడు. "నువ్వు పరేషాన్ గాకు. నా ఫ్రిజ్జుది ఇంక ఆరు వేలున్నది గద, గీ జీతానికే మొత్తం ఇచ్చేస్త. జర ఖాళీ అయితది."

ఆ ఆరు వేలు తగ్గితే స్కోరు ఇంకాస్త లేస్తుందని పర్శరాములుకు ఇప్పుడు తెలుసు.

"సరేరా," అన్నాడు.

కొండల్ చాయ్ పైసలు తియ్యబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాడు.