రెక్కల మీది రంగు

ఆ ముసలి యుద్ధవిమానం అసలు యుద్ధంలో ఒక్కసారి కూడా కూలలేదు. కూలిందంతా సినిమాల్లోనే. ఏ దేశంవాళ్లు సినిమా తీసినా దానికి శత్రువు రంగు పూయడం, పొగబెట్టి కిందికి దించడం. యుద్ధం గెలిచి వచ్చిన పాపానికి అప్పట్నుంచీ ఓడిపోతూనే ఉంది.

ఈసారి దాన్ని సౌదీలోని హుఫూఫ్ అవతలి ఎడారికి తెచ్చారు. రంగుల పని ఎల్లన్నకు దొరికింది. కోరుట్ల మనిషి, హుఫూఫ్‌లో కార్లకు రంగులేసే షాపులో పెయింటరు. నెలంతా కూర్చుని సొట్టలు తీశాడు, చిల్లులకు అతుకులేశాడు, రెక్కల మీద శత్రువు గుర్తు దిద్దాడు. అది మొదటిసారి గాల్లోకి లేచినరోజు, కన్నబిడ్డ సైకిల్ నేర్చుకున్నంత సంబరపడ్డాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం నవాజ్ వచ్చాడు. కర్నూలువాడు, డైరెక్టరు ఇంగ్లీషును పనివాళ్లకు చెప్పే మనిషి.

"ఎల్లన్నా, ఆ గుర్తు వెలిసిపోయింది, మళ్లీ బాగా కొట్టు. సాయంత్రం దీన్ని కాల్చేస్తారంట."

"ఉత్తుత్తిగనేనా?"

"లేదన్నా, నిజంగానే. దీని ఓనరు గూడా ఒప్పుకున్యాడు."

ఎల్లన్నకు ఒళ్లు మండిపోయింది. పనికొచ్చినన్నాళ్లు వాడుకుని, ముసలిదైందని తగలబెట్టడమా? యూనిట్ అంతా ఎండకు జడిసి ఏసీ బండ్లలో కునుకు తీస్తోంది. అతను బ్రష్ పక్కన పడేసి, పెయింట్ రిమూవర్ డబ్బాతో రెక్క ఎక్కాడు. గుర్తు తుడిస్తే దాని కింద ఇంకో సినిమా గుర్తు, దాని కింద మరొకటి. అన్నీ తుడిచేశాడు. అల్యూమినియం తళతళలాడేదాకా చెయ్యి ఆపలేదు. రెండో రెక్కనీ తోకనీ కూడా వదల్లేదు.

పొద్దు వాలాక డైరెక్టరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఏ దేశానిదీ కాని విమానాన్ని కాల్చి ఏం లాభం? మళ్లీ గుర్తు వేయించేసరికి చీకటి పడుతుంది. మంట పెట్టుకోవడానికి సర్కారు ఇచ్చిన తస్రీహ్, అదే అనుమతి కాగితం, ఆ సాయంత్రం వరకే. తెల్లారితే యూనిట్ ప్రయాణం. ఇక మంటలు కంప్యూటర్లోనే పెట్టుకుందామని తేల్చి, ఎల్లన్న మీద విరుచుకుపడ్డాడు.

నవాజ్ మెల్లగా దగ్గరికి జరిగాడు.

"చెయ్యి జారి రిమూవర్ ఒలికిందని చెప్తానన్నా. లేకుంటే నీకు వీసా ఇచ్చిన కఫీల్‌కు చెప్పి, ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తారు."

"కొట్టియ్యనియ్యి నవాజ్ భాయ్. నా చెయ్యి జారలే. కావాలనే తుడ్శిన. ఇంటికి పంపితే పోత గని, దీన్ని మాత్రం కాలనియ్య. గట్లనే చెప్పు."

నవాజ్ డైరెక్టరు కళ్లలోకి చూసి, ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాడు.